హాట్ రాడ్ పార్టుల కొరతలో ఏది కొత్తది కొనాలి, ఏది పాతది వాడాలి, ఏది మార్చేసుకోవాలి

హాట్ రాడ్ అంటే ఎక్కువగా 1928 నుంచి 1948 దాకా వచ్చిన అమెరికన్ బాడీకి తర్వాతి కాలపు ఇంజను, గేర్‌బాక్సు, బ్రేకులు అమర్చిన బండి. ఒక్కో భాగం ఒక్కో బండి నుంచి వస్తుంది కాబట్టి దాని పార్టుల జాబితా ఏ కంపెనీ కేటలాగులోనూ పూర్తిగా దొరకదు. సరుకు ధారాళంగా ఉన్న రోజుల్లో ఇది పెద్ద ఇబ్బంది కాదు. 2020–22 మధ్య లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ రేవుల్లో కంటెయినర్లు పేరుకుపోయి, చిప్‌లు కరువై, మెషీన్ షాపులకు మనుషులు దొరక్క పనులు ఆగినప్పుడు మాత్రం చాలా గ్యారేజీల్లో బండ్లు సగంలో నిలిచిపోయాయి. 2025లో ఉక్కు, అల్యూమినియం మీద అమెరికా సుంకం మొదట 25 శాతానికి, తర్వాత 50 శాతానికి చేరింది. కొన్ని పార్టులకు ఇప్పటికీ ఆగాల్సిందే.

ఇలాంటప్పుడు ఎక్కువ డబ్బు వృథా అయ్యేది జత కుదరని పార్టుల మీద. ఇంజను చవగ్గా దొరికిందని తెచ్చుకుంటారు, దానికి పట్టే ఫ్లెక్స్‌ప్లేటు (ఇంజనుని ఆటోమేటిక్ గేర్‌బాక్సుకి కలిపే పళ్ల రేకు చక్రం) బ్యాక్ ఆర్డర్‌లో, అంటే స్టాకు వచ్చేదాకా వరుసలో, ఉంటుంది. ఇరుసు దొరుకుతుంది, దాని బోల్టు కొలతకు చక్రాలుండవు. అందుకే కింద ఏ రెండు దారుల్ని పోల్చినా మేం చూసేది ఒకటే. ఆ పార్టుతో పాటు దాని జతలన్నీ ఈరోజు చేతికొస్తాయా?

ఇంకో నియమం కూడా ముందే చెప్పాలి. చేతిలో లేని పార్టు కోసం ఫ్రేముకు ఏదీ వెల్డు చేయకండి. ఇంజను మౌంట్లు, గేర్‌బాక్సు క్రాస్‌మెంబరు (ఫ్రేము రెండు వైపుల్నీ కలిపే అడ్డపట్టీ), వెనక ఇరుసు బ్రాకెట్లు, ఈ మూడూ అసలు పార్టు ఫ్రేములో కూర్చోబెట్టి, రేడియేటరు, ఫైర్‌వాలు మధ్య ఖాళీ చూసుకున్నాకే వేయాలి. కేటలాగు బొమ్మలో కొలతలు చూసి మౌంట్లు వేసుకున్నాక ఆ ఇంజను రాకపోతే, వేసిందంతా కోసెయ్యాల్సిందే.

ఇంజను: ఇంట్లో ఉన్నది విప్పించాలా, జంక్‌యార్డ్ నుంచి తేవాలా?

మొదట చిన్న బ్లాక్ షెవర్లే 350 (350 ఘనపు అంగుళాల వి8). 1967లో వచ్చిన ఈ ఇంజనుకు ఉన్నన్ని పార్టులు, తయారీదారులు మరే పాత ఇంజనుకీ లేరు. కొరతలో ఇదే దాని పెద్ద బలం. కానీ 350 అని రాసున్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. 1985 వరకు వచ్చిన వాటికి వెనక మెయిన్ సీలు (క్రాంక్ షాఫ్టు వెనక ఆయిల్ కారకుండా ఆపేది) రెండు ముక్కలు, 1986 నుంచి ఒకటే ముక్క. దాంతో క్రాంక్ వెనక ఫ్లాంజి మారింది. ఫ్లెక్స్‌ప్లేటు బోల్టుల వలయం పాతదానికి 3.58 అంగుళాలు, కొత్తదానికి 3 అంగుళాలు. పాత 350 ఫ్లెక్స్‌ప్లేటుకు బ్యాలెన్స్ బరువు ఉండదు, కొత్తదానికి ఉంటుంది. ఆయిల్ పాను కూడా వేరే. 1979 వరకు డిప్‌స్టిక్కు డ్రైవరు వైపు, 1980 నుంచి రెండోవైపు. అమ్మేవాళ్లు 350 పాను అనో 350 ఫ్లెక్స్‌ప్లేటు అనో చెప్తే చాలదు, ఈ సంవత్సరాలు అడగాలి. బ్లాకు వెనక, డ్రైవరు వైపు, బెల్‌హౌసింగ్ కలిసే అంచు మీద కాస్టింగ్ నంబరు, అంటే పోతలోనే పడిన అంకెలు, ఉంటుంది. గ్రీజు గీకి, వైర్ బ్రష్‌తో రుద్ది, సుద్ద రాస్తే అంకెలు తేలతాయి. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఉన్న బ్లాకుని మెషీన్ షాపుకిచ్చి చేయించుకునే దారిలో అసలు చిక్కు వరుసలో ఉంది. మామూలుగా 4.000 అంగుళాల బోరును (సిలిండరు రంధ్రాన్ని) 0.030 పెంచి 4.030 చేస్తారు. పిస్టన్లు చేతికి రాకుండా బోర్ చేయించడం కొరతలో మహా తప్పు. 0.030 పిస్టన్లు దొరక్క 0.040 దొరికాయనుకోండి, ఇంకా బోర్ కాని బ్లాకుకి అవి సరిపోతాయి, అయిపోయిన బ్లాకుకి మళ్లీ బోరు పడుతుంది. పైగా ప్రతి పిస్టన్నూ కొలిచి, దానికి తగ్గ సందు వదిలి హోన్ చేయడమే సరైన పద్ధతి. క్రాంకుదీ ఇదే లెక్క. 0.010 తగ్గించి గ్రైండ్ చేయించే ముందు ఆ కొలత బేరింగులు, మెయిన్లవీ రాడ్లవీ రెండూ, టేబుల్ మీద ఉండాలి. 1968కి ముందు చిన్న జర్నల్ (బేరింగులో తిరిగే భాగం) క్రాంకులుండేవి (మెయిన్ 2.30 అంగుళాలు), తర్వాతివి పెద్దవి (2.45). స్వాప్ మీట్‌లో (పాత పార్టుల సంతలో) పాత బేరింగుల పెట్టె చవగ్గా కనిపిస్తే ముందు ఇది చూసుకోండి.

ఇక క్యామ్ (వాల్వులు తెరిపించే గుబ్బల షాఫ్టు, ఒక్కో గుబ్బ ఒక లోబు), దాని మీద ఆని కదిలే లిఫ్టర్లు. కొరత రోజుల్లో ఫ్లాట్ ట్యాపెట్ (అడుగున చక్రం లేని) లిఫ్టర్లు దొరకడం కష్టమైంది. దొరికినవాటి నాణ్యత మీదా ఫిర్యాదులు వచ్చాయి. ఇంజను మొదటిసారి స్టార్ట్ చేసిన అరగంటలోనే క్యామ్ లోబు అరిగిపోయి, ఇనుప పొడి ఆయిల్‌లో కలిసి బేరింగులన్నీ పోవడం దీని ఫలితం. వాడిన ఫ్లాట్ లిఫ్టర్లు కొత్త క్యామ్ మీద పెట్టకూడదు. అదే క్యామ్‌కైనా ఏ లిఫ్టరు ఏ లోబు మీద నడిచిందో అక్కడికే వెళ్లాలి. కొత్తవైతే, పెట్టేముందు రెండు లిఫ్టర్ల అడుగులు ఒకదానికొకటి ఆనించి చూడండి. అడుగు కొంచెం ఉబ్బుగా ఉంటుంది కాబట్టి రెండూ మధ్యలో తగిలి, అటూ ఇటూ సన్నగా ఊగాలి. ఊగకుండా సమంగా అతుక్కుంటే తిప్పి పంపేయండి, అలాంటి లిఫ్టరు తన బోరులో తిరగదు, లోబును తినేస్తుంది. మొదటి స్టార్ట్‌లో 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య 20–30 నిమిషాలు, జింక్ ఎక్కువున్న బ్రేక్ ఇన్ ఆయిల్‌తో నడపాలి. ఐడిల్‌లో వదిలేస్తే లోబుకి ఆయిల్ చిమ్మదు.

అడుగున చిన్న చక్రమున్న రోలర్ లిఫ్టర్లకు ఈ బాధ లేదు. మంచిగా ఉంటే వాడినవే మరో రోలర్ క్యామ్ మీద నడుస్తాయి. అందుకే కొత్త సరుకు దొరకనప్పుడు మేం ఎక్కువమందికి చెప్పేది 1996–2000 షెవీ, జీఎంసీ పికప్‌లు, టాహో, సబర్బన్‌లలో వచ్చిన వోర్టెక్ 350, అంటే ఎల్31. వీఐఎన్‌లో (బండి గుర్తింపు సంఖ్యలో) ఎనిమిదో అక్షరం ఆర్ అయితే అదే. ఫ్యాక్టరీ రోలర్ క్యామ్, మంచి హెడ్లు, జంక్‌యార్డుల్లో ఇప్పటికీ దొరికే ఇంజను. కొనేముందు నాలుగు సంగతులు చూడాలి. ఈ హెడ్లు ఎగ్జాస్ట్ వాల్వు సీటు దగ్గర పగులుతాయి, కాబట్టి ఇంజను వేడెక్కి ఆగిపోయిన బండిదైతే హెడ్లను మెషీన్ షాపులో పరీక్ష చేయించండి. ఇన్‌టేక్ మేనిఫోల్డు దీనికి ప్రత్యేకం, ఎనిమిది బోల్టులది. పాత ఇన్‌టేకు పట్టదు. చాలా బ్లాకుల్లో మెకానికల్ ఫ్యుయెల్ పంపు బిగించే చోటు మెషీన్ చేసి ఉండదు, ఎలక్ట్రిక్ పంపు లెక్కలో వేసుకోండి. నాలుగోది, ఎక్కువ లిఫ్టున్న (వాల్వును ఎక్కువ ఎత్తే) క్యామ్ వేస్తే వాల్వు రిటైనరు గైడుకి తగులుతుంది. 0.450 అంగుళం దాటితే ఆ సందు కొలవకుండా బిగించకండి.

దీనికంటే కొత్తది కావాలంటే 5.3 లీటర్ల ఎల్ఎస్, షెవర్లే తర్వాతి తరం వి8. 1999–2007 పికప్‌లలోని ఎల్ఎం7, వీఐఎన్ ఎనిమిదో అక్షరం టీ. ఇనుప బ్లాకు, లక్షల్లో తయారైంది, లోపలి పార్టులకు కొరత తక్కువ. ఇబ్బందంతా చుట్టూ ఉండే సామానులో ఉంది. పికప్ ఆయిల్ పాను లోతుగా వేలాడి క్రాస్‌మెంబరుకి తగులుతుంది. 1998–2002 కమారో పానో, దాన్ని పోలిన కొత్తదో కావాలి. పికప్ ఇన్‌టేకు ఎత్తుగా ఉండి బానెట్టు మూసుకోదు. పాత టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్సు పెట్టాలంటే క్రాంకు 0.400 అంగుళం పొట్టి కావడం వల్ల స్పేసరు, దానికి తగ్గ ఫ్లెక్స్‌ప్లేటు వేయాలి. క్రాంక్ సెన్సరు నల్లగా ఉంటే 24ఎక్స్, బూడిద రంగైతే 58ఎక్స్ (క్రాంకు ఒక చుట్టుకి వచ్చే సంకేతాల సంఖ్య). కంప్యూటరు దానికి తగ్గది కాకపోతే ఇంజను స్టార్టే కాదు. చాలావాటికి యాక్సిలరేటరు కేబులు ఉండదు, పెడలు కూడా ఎలక్ట్రానిక్. కాబట్టి ఎల్ఎస్ కొంటే ఇంజను, వైరింగ్ హార్నెస్సు, కంప్యూటరు, పెడలు, పెడలు మాడ్యూలు, సెన్సర్లు అన్నీ ఒకే బండి నుంచి, వైర్లు కత్తిరించకుండా తెచ్చుకోండి. ఒట్టి ఇంజను తక్కువ ధరకొచ్చిందని తెచ్చుకుంటే, కొరతలో ముందు మాయమయ్యేవి మీకు కావాల్సిన ఆ ఎలక్ట్రానిక్ డబ్బాలే.

మా ఎంపిక సూటిగా చెప్తున్నాం. కార్బ్యురేటరుతో తొందరగా రోడ్డెక్కాలంటే వోర్టెక్ 350. మొత్తం సెట్టు ఒకేచోట దొరికితే 5.3. మీ దగ్గర ఇప్పటికే పగుళ్లు లేని పాత 350 ఉంటే, పిస్టన్లూ బేరింగులూ చేతికొచ్చాక రీబిల్డు.

ఫోర్డు ఫ్లాట్‌హెడ్ వి8 (1932–53) సంగతి వేరు. అందం కోసం, ఆ శబ్దం కోసం పెట్టుకునే ఇంజను అది, ఆ ఇష్టాన్ని మేం గౌరవిస్తాం. అయితే వాల్వు సీటు నుంచి సిలిండరు వైపు, నీటి దారుల మధ్య పగుళ్లు లేని బ్లాకు దొరకడమే గగనం. మాగ్నాఫ్లక్స్ (అయస్కాంతంతో పగుళ్లు బయటపెట్టే పరీక్ష), ప్రెషర్ టెస్టు రెండూ చేయించి, పగులుంటే వెనక్కి తీసుకుంటానని అమ్మినవాళ్లు రాసిస్తేనే కొనండి.

కార్బ్యురేటరా, ఇంజెక్షనా?

దీనికి ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. కార్బ్యురేటరు స్థానంలో పెట్టే ఇంజెక్షన్ కిట్టు బాగానే పనిచేస్తుంది, కానీ దాని కంప్యూటరుకి చిప్ కావాలి, అది రాకపోతే మొత్తం కిట్టే రాదు. వచ్చాక పాడైనా మళ్లీ అదే వరుస. 600 సీఎఫ్ఎం (నిమిషానికి లోపలికి తీసుకునే గాలి, ఘనపు అడుగుల్లో) హోలీ గానీ ఎడెల్‌బ్రాక్ గానీ వాడినది తెచ్చుకుంటే రబ్బరు, గ్యాస్కెట్లు మార్చి ఒక సాయంత్రంలో నిలబెట్టచ్చు. హోలీ మీద చోక్ గొట్టం దగ్గర లిస్ట్ అన్న మాట పక్కన ఉన్న నంబరుతో సరైన కిట్టు తెప్పించండి. త్రాటిల్ షాఫ్టు పట్టుకుని ఊపితే కదులుతున్నా, అడుగు తలం వంగినా వదిలేయండి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకి తట్టుకునే యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం ఉన్న కిట్టే తీసుకోండి.

గేర్‌బాక్సు

స్వాప్ మీట్‌లో ఆటోమేటిక్‌లను అడుగున పాను చూసి గుర్తుపట్టచ్చు. ఒక మూల కోసేసినట్టున్న చతురస్రం, 13 బోల్టులు: టర్బో 350. వంకర టింకర అంచు, 13 బోల్టులు: టర్బో 400. 14 బోల్టులు: పవర్‌గ్లైడ్. చతురస్రం, 16 బోల్టులు: 700ఆర్4. కొరతలో టర్బో 350 ఎప్పుడూ సుఖమే. కంప్యూటరు లేదు, రిపేరు కిట్టు ఎక్కడైనా ఉంటుంది, ఫ్రేములో సులువుగా ఇముడుతుంది. హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లకు ఓవర్‌డ్రైవ్ ఉన్న 700ఆర్4 మంచిది, కానీ దాని టీవీ (త్రాటిల్ వాల్వు) కేబులు కార్బ్యురేటరు మీద సరైన కోణంలో కలవకపోతే లోపలి ప్రెషరు పడిపోయి క్లచ్ ప్లేట్లు కొద్ది మైళ్లలో కాలిపోతాయి. టీవీ కేబులు బ్రాకెట్టు దొరికాకే ఆ గేర్‌బాక్సు కొనండి.

మాన్యువల్‌లో టీ5 తేలిక. షెవీ ఎస్10 నుంచి వచ్చినదైతే షిఫ్టరు ముందుకుంటుంది, హాట్ రాడ్ సీటుకి సరిగ్గా అందుతుంది. పెద్ద టార్కు ఇంజనుకి మాత్రం అది నిలవదు.

స్టార్టరు గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. షెవీ ఫ్లెక్స్‌ప్లేట్లు రెండు సైజులు, 153 పళ్లు, 168 పళ్లు. 153కి స్టార్టరు బోల్టులు రెండూ ఒకే వరుసలో, 168కి ఒకటి ముందుకూ ఒకటి వెనక్కీ. చేతికి దొరికిన ఫ్లెక్స్‌ప్లేటుని బట్టి స్టార్టరు తెచ్చుకోవాలి, లేదంటే పళ్లు కొరికేసుకుంటాయి.

వెనక ఇరుసు: 9 అంగుళాలా, 8.8 ఆ?

పాత హాట్ రాడ్ వాళ్ల మొదటి ప్రేమ ఫోర్డు 9 అంగుళాలది (ఈ కొలత లోపలి రింగ్ గేరు వ్యాసం), 1957–1986 మధ్య వచ్చినది. గేరు గుండు మొత్తం ముందుకు ఊడి వస్తుంది కాబట్టి గేరు నిష్పత్తి మార్చడం సులువు. కర్రీ, మోజర్ లాంటి కంపెనీలు దీనికి కొత్త హౌసింగులు, షాఫ్టులు చేస్తాయి, కావాల్సిన వెడల్పులోనే. ఆర్డరు ఇచ్చి ఆగగలిగితే దీనికి మించినది లేదు. పాతది వెతికితే మాత్రం చాలామంది 8 అంగుళాలదాన్ని 9 అని అమ్మేస్తారు. గుర్తు ఇదీ: గేరు గుండు చుట్టూ ఉన్న నట్లన్నిటికీ సాకెట్టు నేరుగా పట్టిందంటే అది 8. కింది నట్లకు సాకెట్టు పట్టక స్పానరు వాడాల్సి వచ్చిందంటే అది 9. 8 అంగుళాలది పనికిరాదని కాదు, తేలికైన బండికి మామూలు చిన్న బ్లాకుతో చక్కగా నడుస్తుంది. కాకపోతే 8కి ఇచ్చే ధర 8కే ఇవ్వండి.

ఈరోజే కావాలంటే, ఎక్స్‌ప్లోరర్ 8.8. 1995–2001 ఫోర్డు ఎక్స్‌ప్లోరర్‌లో వచ్చిన ఈ ఇరుసుకి 31 స్ప్లైన్ల (గాడి పళ్ల) షాఫ్టులు, డిస్కు బ్రేకులు ఫ్యాక్టరీ నుంచే ఉన్నాయి. కవరు బోల్టుకి తగిలించిన రేకు ముక్క మీద 3 ఎల్ 73 అని ఉంటే 3.73 గేరు, లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రమే జారి తిరగకుండా ఆపేది). మధ్యలో ఎల్ లేకపోతే మామూలుది. పినియన్ (డ్రైవ్‌షాఫ్టు కలిసే చిన్న గేరు) మధ్యలో ఉండదు, కుడివైపుకి జరిగి ఉంటుంది. వెడల్పు సుమారు 59.5 అంగుళాలు, పాత ఫోర్డు ఫెండర్ల కింద ఎక్కువ. అందుకే పొడుగ్గా ఉన్న ఎడమ గొట్టాన్ని దాదాపు 3 అంగుళాలు కోసి, రెండోవైపు కూడా కుడివైపు పొట్టి షాఫ్టే వేస్తారు. ఆ షాఫ్టు ఇంకో ఎక్స్‌ప్లోరర్ నుంచి ముందే తీసి ఉంచుకోండి. గొట్టం కోసి అతికే పని జిగ్ (వంకర రాకుండా పట్టి ఉంచే చట్రం) ఉన్న వెల్డర్‌కే ఇవ్వాలి. వంకరగా అతికితే షాఫ్టు బేరింగు, సీలు త్వరగా పోతాయి. అదే సమయంలో గొట్టాలను మధ్య గుండుకి కూడా వెల్డు చేయించండి, పెద్ద ఇంజను లాగుడుకి అవి తిరిగిపోతాయి.

బోల్టు వలయం గుర్తుపెట్టుకోవాలి. ఎక్స్‌ప్లోరర్‌ది 5 బోల్టులు, 4.5 అంగుళాలు. 1948 వరకు పాత ఫోర్డులవి 5.5. షెవీ కార్లవి 4.75. ముందూ వెనకా ఒకటయ్యేలా ముందే నిర్ణయించుకుని చక్రాలు ఆఖర్న కొనండి.

స్టీరింగు, బ్రేకులు: ఇక్కడ సర్దుబాటు లేదు

మిగతావాటిలో ఎంత పాత సామాను వాడినా, ఈ రెండింట్లో కొత్తది వచ్చేదాకా బండిని గ్యారేజీలో ఉంచడమే మా సలహా. వాడిన టై రాడ్ ఎండ్లు, బ్రేకు హోసులు, మాస్టర్ సిలిండర్లు ఏ ధరకైనా వద్దు. పాత స్పిండిళ్లు, స్టీరింగు ఆర్ములు మాత్రం వాడుకోవచ్చు, అదీ మాగ్నాఫ్లక్స్‌లో పగులు లేదని తేలాక. వేడి చేసి వంచిన గుర్తులు, వెల్డు మచ్చలు ఉన్నవి ఎవరిచ్చినా తీసుకోకండి.

డిస్కు బ్రేకుల కిట్టు ఎంచుకునేటప్పుడు కంపెనీ పేరు కన్నా అందులోని కాలిపరు (ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం) ఏ బండిదో చూడండి. 1978–88 జీఎం కార్లలో వచ్చిన మెట్రిక్ కాలిపరు, 2.5 అంగుళాల పిస్టన్‌ది, చాలా కిట్లలో వాడతారు. దాని ప్యాడ్లు, హోసులు మీ వీధి చివర ఉన్న ఆటో పార్ట్స్ షాపులో దొరుకుతాయి. సొంత డిజైను కాలిపరున్న కిట్టు ఎంత మెరుస్తున్నా, రెండేళ్ల తర్వాత ప్యాడ్లకి ఆ ఒక్క కంపెనీ మీదే ఆధారపడాలి. కిట్టు మొత్తం బ్యాక్ ఆర్డర్‌లో ఉంటే బ్రాకెట్లు మాత్రమే అడగండి. చాలామంది విడిగా అమ్ముతారు, మిగతావి బయట కొనుక్కోవచ్చు. మాస్టర్ సిలిండరు నేల కింద ఉంటే రెసిడ్యువల్ వాల్వులు (బ్రేకు పైపుల్లో కాస్త ప్రెషరు నిలిపి ఉంచేవి) మరిచిపోవద్దు, డిస్కుకి 2 పీఎస్ఐ, డ్రమ్ముకి 10.

ముందు సస్పెన్షన్ మస్టాంగ్ 2 రకం (1974–78) వేసుకుంటే పార్టులు చాలామంది తయారుచేస్తారు కాబట్టి కొరతలో ఒకరి దగ్గర లేనిది మరొకరి దగ్గర ఉంటుంది. ఫెండర్లు లేని 1932 ఫోర్డుకి బయటికి కనిపించే ఒకే కడ్డీ ముందు ఇరుసే అందం, దానికి షెవర్లే వేగా రకం స్టీరింగు బాక్సు. అసలు వేగా కారు 1977తో ఆగిపోయింది, ఇప్పుడు దొరికే అసలు బాక్సులు అరిగినవే. దీనికి కొత్తగా చేసిన బాక్సు కోసమే ఆగండి.

పాత స్టాకు పెట్టెలు

ఎన్ఓఎస్, అంటే అప్పట్లో తయారై వాడకుండా మిగిలిపోయిన సరుకు. ఇనుము, ఇత్తడి, గాజు అయితే బంగారమే: లైట్ల రింగులు, గేరు చక్రాలు, తలుపు హ్యాండిళ్లు. రబ్బరైతే వద్దు. నలభై ఏళ్లు పెట్టెలో ఉన్న వీల్ సిలిండర్ కప్పు, ఆయిల్ సీలు గట్టిపడి ఉంటాయి, బిగించగానే కారతాయి. టైరు మీద డాట్ కోడ్ (డీఓటీ అక్షరాలతో మొదలయ్యే తయారీ కోడు) చివరి నాలుగు అంకెలు వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. మూడే అంకెలుంటే అది 2000కి ముందుది, షోలో నిలబెట్టడానికి తప్ప రోడ్డుకి పనికిరాదు.

ఎక్కడ వెతకాలి

జంక్‌యార్డ్‌కి వెళ్లే ముందు ఇంటర్‌చేంజ్ చూసుకోవడం అలవాటు చేసుకోండి. హోలాండర్ ఇంటర్‌చేంజ్ ఏ పార్టు ఏయే సంవత్సరాల ఏయే బండ్లకి సరిపోతుందో చెప్తుంది, ఆన్‌లైన్‌లో జంక్‌యార్డుల స్టాకు వెతికే సైట్లూ ఈ లెక్కతోనే నడుస్తాయి. టాహో ఇంజను లేదంటే అక్కడితో ఆగిపోకుండా, అదే ఇంజను వచ్చిన వ్యాను కూడా అడగొచ్చు.

పాత ఫోర్డు పార్టులకు స్వాప్ మీట్‌ను మించినది లేదు. అమెరికాలో డాలస్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్లకు ఫోర్ట్‌వర్త్ దగ్గర జరిగే పేట్ స్వాప్ మీట్, న్యూజెర్సీలో ఎడిసన్ వైపున్నవాళ్లకు పెన్సిల్వేనియాలో వసంతంలో, శరదృతువులో జరిగే కార్లైల్, అక్టోబరులో హెర్షీ, లాస్ ఏంజెలెస్ వాళ్లకు పొమోనా అందుబాటులో ఉంటాయి. మొదటిరోజు పొద్దున్నే వెళ్తే ఎంచుకునే సరుకు ఉంటుంది, ఆఖరిరోజు మధ్యాహ్నం వెళ్తే ధర దిగుతుంది. దొరకడమే కష్టమైన పార్టుకి పొద్దున, నాలుగు చోట్ల కనిపించే పార్టుకి మధ్యాహ్నం. వెంట వెర్నియర్ కాలిపరు, టేపు, అయస్కాంతం, టార్చి, వైర్ బ్రష్, మీకు కావాల్సిన కాస్టింగ్ నంబర్ల కాగితం తీసుకెళ్లండి. బాడీ మీద అయస్కాంతం అతుక్కోని చోట కింద పుట్టీ గానీ ఫైబరు గానీ ఉంది.

కేటలాగు కంపెనీకి ఫోన్ చేసినప్పుడు స్టాకు ఉందా అని అడిగి ఊరుకోకండి. మీ గోదాములో ఉందా, తయారీదారు నేరుగా పంపాలా అని అడగండి. రెండోదైతే వాళ్లు చెప్పే తేదీ అంచనా మాత్రమే. పంపిన రోజే కార్డు మీద డబ్బు తీసుకుంటారా, ఇప్పుడేనా, ఇదీ అడగాలి. పాత పార్టు ఇస్తే తిరిగొచ్చే కోర్ ఛార్జి ఉన్నవాటికి మీ పాత స్టార్టరు, కాలిపరు పారేయకుండా దాచండి. కొరతలో కొన్నిచోట్ల కోరు ఇస్తే తప్ప రీబిల్డు పార్టు అమ్మరు.

ఏడాది పొడవునా ఒక్కో పెట్టె వచ్చి షెల్ఫు మీద చేరుతుంటుంది. వచ్చిన రోజే తెరిచి, బోల్టుల సంచీలు లెక్కపెట్టి, కొలిచి, జత పార్టుతో ఒకసారి బిగించి చూడండి. తిప్పి పంపే గడువు కొందరికి 30 రోజులు, కొందరికి 90. పెట్టె మీద వచ్చిన తేదీ, గడువు తేదీ మార్కరుతో రాసి, బిల్లు లోపలే అంటించండి.